మూసీ అవతలి మోత

దక్కన్ వీధి బ్యాండ్లు: 7వ భాగం

సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఇంగ్లీషు పటాలాలు ఊదిన ఇత్తడి బాకాలు మెల్లగా పెళ్లి బ్యాండుమేళంగా ఎలా మారాయో పోయిన భాగంలో చూశాం. 1970, 1971లలో ఒక సిగరెట్ కంపెనీ ఖర్చుతో జరిగిన సిమ్లా బీట్ పోటీల ముచ్చట కూడా చెప్పుకున్నాం. షిల్లాంగ్ వాళ్ల ఫెన్‌టోన్స్, మద్రాసు వాళ్ల కన్‌ఫ్యూజన్స్ లాంటి గిటార్ బృందాలు ఆ పోటీల పుణ్యాన రెండు ఎల్పీ రికార్డులకెక్కాయి. వాటిలో చాలావాటి పేర్లు ఇవాళ పాటల పిచ్చివాళ్లకు గుర్తున్నాయంటే ఆ రెండు రికార్డులే కారణం.

ఈసారి నయాపూల్ మీదుగా మూసీ దాటి పాతబస్తీలోకి అడుగుపెడదాం. ఇక్కడి బ్యాండ్ల వెనక సిగరెట్ కంపెనీ లేదు, పోటీ లేదు, రికార్డు లేదు. అయినా మూడు నాలుగు తరాలుగా మోగుతూనే ఉన్నాయి. వాటి పేరు మర్ఫా.

గిటార్ల సంగతి మధ్యలో ఆపి డప్పుల దగ్గరికి వచ్చారేమని పాఠకులు అడగొచ్చు. అసలు గ్యారేజ్ రాక్ అంటే ఏమిటి? 1960లలో అమెరికాలో ఇంటి పక్క కారు షెడ్డులో నలుగురు కుర్రాళ్లు చేరి, వచ్చీరాని వాయిద్యంతో, చెవులు చిల్లులు పడేలా వాయించిందే. దాని తర్వాత వచ్చిన పంక్ ఇంకో అడుగు వేసింది. 1977 జనవరిలో మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ పెద్ద కంపెనీల గడప తొక్కకుండా, అప్పు తెచ్చి, సొంత లేబుల్ పెట్టుకుని నాలుగు పాటల ‘స్పైరల్ స్క్రాచ్’ను విడుదల చేసింది. మొదట అచ్చేసింది వెయ్యి కాపీలే. ఎవరి దయా అక్కర్లేదు, మనమే చేసుకుందాం అన్న ఆ తెగింపును లోకం కొత్త విప్లవమని మెచ్చుకుంది. పాతబస్తీలో ఆ పద్ధతికి అప్పటికే పాతికేళ్ల పైబడిన వయసుంది. కాకపోతే ఇక్కడ అది తెగించి చేసింది కాదు, తప్పక చేసింది.

ఆ తప్పనిసరి ఎలా వచ్చిపడిందో తెలియాలంటే నిజాం ఫౌజుల్లోకి వెళ్లాలి.

పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి దక్కన్ దర్బారుల్లో అరబ్ సిపాయిలకు గిరాకీ పెరిగింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చేవాళ్లు వీళ్లు. ఎండిన లోయలు, ఎప్పుడూ తెగల కొట్లాటలు, కరువు. ఓడెక్కితే కడుపు నిండుతుందని తెలిసిన కుర్రాళ్లు వలస కట్టారు. కొందరు మరాఠా దర్బారుల్లో చేరారు. 1818లో పేష్వా రాజ్యం కూలాక అక్కడ కొలువు పోయినవాళ్లు కూడా హైదరాబాద్ బాట పట్టారు. చందూలాల్ రాజ్యవ్యవహారాలు చూసే రోజులకు అరబ్బుల పలుకుబడి ఎంత పెరిగిందంటే, సర్కారుకే వాళ్ల దళనాయకులైన జమేదార్లు అప్పులిచ్చేవారు. ఖజానా కాపలా వాళ్లదే, కోటల కాపలా వాళ్లదే. బాకీ కట్టని వాణ్ని పట్టుకెళ్లి తమ దగ్గరే కూర్చోబెట్టుకునేవారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్‌కు వాళ్లను అదుపులో పెట్టడమే ఏళ్ల తరబడి పెద్ద పని అయింది.

ఈ జమేదార్ల మధ్య పగలు కూడా తక్కువవి కావు. ఒకవైపు ఖుయైతీ వంశం, ఇంకోవైపు కథీరీ వంశం, మధ్యలో ఔలఖీలు. ముగ్గురూ నిజాం జీతం తినేవాళ్లే. జీతం ఇక్కడ, యుద్ధం అక్కడ. హైదరాబాద్‌లో కూడబెట్టిన సొమ్మును ఓడల్లో హద్రమౌత్‌కు పంపి, అక్కడి రేవుల కోసం కొట్టుకునేవారు. ఖుయైతీ వంశపు జమేదార్ ఉమర్ బిన్ అవద్ కొడుకులు 1860లలో షిహ్ర్ రేవును, 1881లో ముకల్లాను చేజిక్కించుకుని ఏకంగా ఒక సుల్తానేట్‌నే నిలబెట్టారు. అది 1967 దాకా నడిచింది. అరేబియా తీరంలో ఒక రాజ్యం పాతబస్తీ సొమ్ముతో లేచిందని మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనబడదు. కనబడాల్సింది.

సిపాయిలు ఒంటరిగా రారు. వాళ్ల వంట వస్తుంది, వాళ్ల కటారు వస్తుంది, వాళ్ల డప్పు వస్తుంది. చాంద్రాయణగుట్ట అవతల అరబ్ ఫౌజు బ్యారక్స్ ఉన్నచోట వెలిసిన బార్కస్‌లో ఆ మూడూ నిలిచాయి. ఇప్పటికీ అక్కడ మగవాళ్లు సాయంత్రం గళ్ల లుంగీ కట్టుకుని కహ్వా తాగుతూ అరుగుల మీద కూర్చుంటారు. పొద్దున్నే హరీస్ తింటారు. బార్కస్ జామకాయలంటే నగరంలో ఒకప్పుడు పేరు. ఈమధ్య ఊరంతా ఎగబడి తింటున్న మండీ కూడా ఈ చుట్టుపక్కల నుంచే నగరం మీదికి వచ్చిపడింది.

డప్పు సంగతికి ఇంకో పాయ కూడా ఉంది. అది ఆఫ్రికాది.

వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పంతొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికన్ సిపాయిలతో ఒక దళాన్ని పోషించాడు. ఆ దళం తర్వాత నిజాం చేతికొచ్చింది. ఎత్తయిన మనుషులు, ఎత్తయిన గుర్రాలు, చేతిలో బల్లేలు. నిజాం సవారీ వెళితే వెంట వాళ్లు ఉండాల్సిందే. ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ అన్న ఆ దళం మకాం పెట్టిన చోటే ఇవాళ్టి ఏసీ గార్డ్స్. మాసాబ్ ట్యాంక్ పక్కన ఉంటుంది కాబట్టి, లెక్కకు పాతబస్తీ కాదు, మూసీకి ఇవతలే. కానీ సిద్దీలని పిలిచే ఈ ఆఫ్రికా సంతతి వాళ్ల పెళ్లిళ్లు, చావులు, దోస్తీలు ఎప్పుడూ నదికి రెండు పక్కలా సాగాయి. మర్ఫా కూడా అంతే.

హద్రమీ అరబ్బులదా, సిద్దీలదా ఈ మోత అంటే తెగని పేచీ. హద్రమౌత్ రేవుల్లోనే ఆఫ్రికా మనుషులు తరతరాలుగా ఉన్నారు, బానిసలుగా, నావికులుగా, సిపాయిలుగా. అక్కడి డప్పుల్లో ఆఫ్రికా అప్పటికే కలిసిపోయింది. కలిసిన నీళ్లే ఇక్కడికొచ్చాయి. బార్కస్‌లో అడిగితే మాదే అంటారు, ఏసీ గార్డ్స్‌లో అడిగితే మాదే అంటారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు.

సంస్థానం ఉన్నన్నాళ్లు ఇది కొలువులో ఉన్న సంగీతం. పండగలకు, సర్కారు ఊరేగింపులకు, జమేదార్ల ఇళ్లల్లో శుభకార్యాలకు వాయించేవాళ్లు. జీతం ఫౌజుది, వాయిద్యం సరదాకి. పేరొస్తే ఇనాం. ఎవడూ దాన్ని బతుకుతెరువు అనుకోలేదు.

1948 సెప్టెంబర్‌లో అయిదు రోజుల్లో అంతా మారిపోయింది. 13న భారత సైన్యం సరిహద్దు దాటింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాతి నెలల్లో అరబ్బుల మీద అనుమానపు చూపు పడింది. ఎంతోమందిని నిర్బంధంలో ఉంచారు. కొందరిని ఓడెక్కించి ఏడెన్‌కు పంపేశారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి అమ్మాయిని చేసుకుని, దక్కనీ తప్ప ఇంకో భాష సరిగా రానివాళ్లు కూడా తాము ఏ దేశపు మనుషులమో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఇటు సిద్దీల దళమూ రద్దయింది. గుర్రాలు పోయాయి, బల్లేలు పోయాయి, నెల జీతం పోయింది. తండ్రి కొలువు కొడుక్కి వస్తుందన్న ధీమాతో బడి మొహం చూడని కుర్రాళ్లు ఉన్నపళాన రోడ్డున పడ్డారు. రిక్షా తొక్కినవాళ్లున్నారు. కాపలాకు కుదిరినవాళ్లున్నారు. చిల్లర పనులు చేసుకున్నవాళ్లున్నారు.

డప్పు మాత్రం ఇంట్లోనే ఉంది. దాన్ని ఏ సర్కారూ జప్తు చేయలేదు.

పోయిన భాగంలోని బ్యాండుమేళం పుట్టుకకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. బ్యాండుమేళం ఫౌజును చూసి నేర్చుకున్న వేషం. మర్ఫా కొలువు ఊడిన ఫౌజే స్వయంగా వీధిలోకి రావడం. మొదట్లో సొంత బస్తీ పెళ్లిళ్లకు వాయించారు. తర్వాత పక్క బస్తీ వాళ్లు పిలిచారు. పిలిచినవాళ్లు భోజనం పెట్టారు, చేతిలో కొంత పెట్టారు. కొన్నాళ్లకు రేటు మాట్లాడుకోవడం, బయానా తీసుకోవడం మొదలైంది. అలా బ్యాండ్ అయింది. మేనేజర్ లేడు, బోర్డు లేదు. బృందానికి పెద్ద ఒక ఉస్తాద్. మిగతావాళ్లు అన్నదమ్ములు, మేనల్లుళ్లు, గల్లీ దోస్తులు. ఎవరైనా అలిగి వెళ్లిపోతే వారం తిరక్కుండా పక్క గల్లీలో ఇంకో బృందం తయారు. గొడవలకు కారణాలు లోకంలో ఏ రాక్ బ్యాండ్ గొడవలకైనా ఉండేవే: ఇనాం పంపకం, ముందు నిలబడేది ఎవరన్న పంతం.

వాయించే తీరు చూడాలంటే బరాత్ బయల్దేరే ముందే ఫంక్షన్ హాల్ దగ్గరికి వెళ్లాలి. బృందం ఒక మూల చేరి పాత పేపర్లు, అట్టపెట్టెల ముక్కలు కుప్పేసి అంటిస్తుంది. తోలు బిగిసేదాకా డప్పుల్ని ఆ మంట మీద అటూ ఇటూ తిప్పుతారు. వేలితో కొట్టి చూస్తారు, మళ్లీ కాస్త కాస్తారు. ఎక్కువ కాగితే తోలు పగులుతుంది, తక్కువైతే మోత చచ్చుగా వస్తుంది. ఆ అందాజు చెప్పేది చెయ్యే. చుట్టూ పెళ్లివారి పిల్లలు మూగి మంటలోకి కాగితాలు విసురుతుంటారు. చలికాలంలో ఒకసారి కాచిన డప్పు ఊరేగింపు సగం దారి కూడా రాదు. అందుకని మధ్యలో ఆగి ఇంకోసారి మంట వేస్తారు, దూల్హా గుర్రం మీద విసుక్కుంటూ కూర్చుంటాడు. ఈమధ్య ప్లాస్టిక్ రేకు బిగించిన డప్పులొచ్చాయి. వాటికి మంట అక్కర్లేదు. ఆ కణకణమనే మోత మాత్రం వాటికి రాదు.

గిన్నె ఆకారపు మర్ఫా, పల్చటి దఫ్, ఢోల్, వీటికి తోడు లోహపు బిందె. బిందె మీద పుల్లల దెబ్బ పడితే మిగతా మోతనంతా చీల్చుకుని చెవికి చేరుతుంది. ఇంట్లో నీళ్లు పట్టుకునే బిందెకు ఇంత గొంతుందని దాని మీద కొట్టేదాకా తెలియదు. సినిమా బాణీలు ఉండవు, చాలాసార్లు పాట కూడా ఉండదు. లయ ఒక్కటే. నెమ్మదిగా మొదలై, ఒకే వరసను తిప్పి తిప్పి కొడుతూ, ఎప్పుడు వేగం అందుకుందో తెలియకుండానే ఆడేవాళ్ల కాళ్లను లాగుతుంది. ముందు ఇద్దరిద్దరుగా మగవాళ్లు దిగుతారు. చేతిలో కర్ర, లేదంటే జంబియా కటారు. ఒకప్పుడు కత్తులే ఉండేవి. ఇప్పుడు బరాత్‌లో కత్తి తిప్పిన వీడియో బయటికొస్తే తెల్లారేసరికి కేసు. కాబట్టి కర్రలతో, కొన్నిచోట్ల ఉత్తి చేతులతో కానిస్తున్నారు.

వీళ్ల సంపాదన లెక్క రెండు క్యాలెండర్ల మీద నడుస్తుంది. రంజాన్‌లో, మొహర్రంలో ముస్లిం పెళ్లిళ్లు ఉండవు, లేదా బాగా తక్కువ. ఆ నెలల్లో ఉస్తాద్ పంచాంగం చూస్తాడు. శ్రావణ మాసపు ముహూర్తాలు తగిలితే హిందూ పెళ్లిళ్లు, గణేశ్ నవరాత్రులొస్తే మంటపాల వాళ్ల పిలుపులు, ఎన్నికలొస్తే నాయకుల ఊరేగింపులు. నాయకుల బేరంలో చిక్కేమిటంటే గెలిచినవాడు ఇనాం ఇస్తాడు, ఓడినవాడు ఫోన్ ఎత్తడు. అల్లాకే ఎరుక అనుకుని ముందే సగం తీసుకునే పద్ధతి అందుకే పుట్టి ఉంటుంది.

మతం గొడవల ఊరని పేరుపడ్డ పాతబస్తీలో అరబ్ డప్పు వినాయకుడి ముందు మోగడం బయటివాళ్లకు వింత. ఇక్కడివాళ్లకు అది మామూలు బేరం. నిజానికి మర్ఫాకు అభ్యంతరం ఎక్కువగా వచ్చింది సొంత ఇంటి నుంచే. పెళ్లిలో దఫ్ మోగితే తప్పు లేదని ఒప్పుకునే ఉలేమాల్లో కూడా కొందరు ఈ గంటల తరబడి మోతను, నడిరోడ్డు నాట్యాన్ని, నోట్లు విసరడాన్ని గట్టిగా కాదన్నారు. ఇలాంటి ఆర్భాటం ఉంటే నికా చదివించబోమని ఖాజీలు హెచ్చరించిన సందర్భాలూ ఉన్నాయి. వాళ్ల వాదనలో ఖర్చుల మాట న్యాయమైనదే. అప్పు చేసి బరాత్ తీసే ఇళ్లు పాతబస్తీలో తక్కువేం కాదు.

1970ల తర్వాత గల్ఫ్ దారి తెరుచుకుంది. బార్కస్ కుర్రాళ్లకు అది తాతల దారే, కాకపోతే ఈసారి ఓడ బదులు విమానం. సౌదీలో, దుబాయ్‌లో, కువైట్‌లో సంపాదించిన రియాళ్లు, దీనార్లు చెల్లెళ్ల పెళ్లిళ్లకు వచ్చాయి. పెళ్లిళ్లు పెద్దవయ్యాయి, మర్ఫాకు గిరాకీ పెరిగింది. అదే గల్ఫ్ బృందాల్లోని మంచి చేతులను కూడా పట్టుకుపోయింది. ఉస్తాద్ మేనల్లుడు జెడ్డాలో డ్రైవర్ అయ్యాక, అతని స్థానంలో బిందె కొట్టే కుర్రాడికి ఆ పట్టు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇంతలో మర్ఫా లయ బృందాల చేయి దాటి వెళ్లిపోయింది. మూడు దెబ్బల ఆ వరస తీన్‌మార్ అన్న పేరుతో హైదరాబాద్ గల్లీలన్నిటికీ, అక్కణ్నుంచి తెలంగాణ పల్లెల దాకా పాకింది. మన డప్పు కళాకారుల చేతిలో అది ఇంకో రంగు తేలింది. బోనాల్లో తీన్‌మార్, నిమజ్జనంలో తీన్‌మార్, కాలేజీ ఫేర్‌వెల్‌లో తీన్‌మార్. 2011లో పవన్ కల్యాణ్ సినిమాకు అదే పేరు. టీవీ వార్తల కార్యక్రమానికీ అదే పేరు. నగరానికి ఇంత పెద్ద కానుక ఇచ్చినందుకు బార్కస్‌కు, ఏసీ గార్డ్స్‌కు ఏం దక్కింది? రాయల్టీ మాట అటుంచితే, సినిమా టైటిళ్లలో ఒక కృతజ్ఞత కూడా లేదు. లయ మీద ఎవరికీ హక్కుండదన్న మాట నిజమే. కానీ బాణీ కట్టినవాడి పేరు తెరమీద అంత లావున పడే సినిమాలో, లయ ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక్క ముక్క వేస్తే పోయేదేముంది?

గుజరాత్ సిద్దీల కథను పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే ఈ చిన్నచూపు ఇంకా తెలుస్తుంది. అక్కడ బావా గోర్ దర్గాతో ముడిపడిన ధమాల్ నాట్యాన్ని పరిశోధకులు వీడియో తీశారు, సిద్దీ గోమా పేరుతో బృందాలు విదేశీ వేదికలెక్కాయి. అది భక్తి సంగీతం కాబట్టి, ‘జానపద కళ’ అన్న ముద్ర సులువుగా పడింది. హైదరాబాద్ సిద్దీలు వాయించింది పెళ్లి మోత. చెమట, దుమ్ము, నోట్ల దండలు, ట్రాఫిక్ జామ్. సాంస్కృతిక శాఖల ఫైళ్లలో ఇమడని సరుకు. గ్యారేజ్ బ్యాండ్లను కూడా మొదట్లో సంగీత పండితులు ఇలాగే మోత కింద కొట్టేశారు. కొన్నేళ్లయ్యాక వాటి రికార్డులు వెతికి కొనే సేకర్తలు పుట్టుకొచ్చారు. మర్ఫాకు ఆ రెండో అవకాశం కష్టం, సేకర్త వెతుక్కోవడానికి రికార్డే లేదు కదా.

పోటీదారుల సంగతికొస్తే, బ్యాండుమేళాన్ని మర్ఫా సులువుగానే తట్టుకుంది. యూనిఫారాలు, బాకాలు, లైట్ల గొడుగులు మోసేవాళ్లు కలిసి బ్యాండు ఖర్చు ఎప్పుడూ ఎక్కువే. మర్ఫా వాళ్లు ఒక్క ఆటో ట్రాలీలో సరిపోతారు. తర్వాత ప్యాడ్ బ్యాండ్ వచ్చింది. వ్యాను మీద స్పీకర్లు, ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద తీన్‌మార్. ఆ తర్వాత డీజే. డీజే దెబ్బ అసలైన దెబ్బ. ఒకడు లాప్‌టాప్ పట్టుకొస్తే పది డప్పుల మోత లారీ నిండా వస్తుంది, మర్ఫా లయనే నమూనాగా తీసుకుని మర్ఫా వాళ్ల పొట్ట కొడుతుంది. భవనాల అద్దాలు అదిరేలా బేస్ పెంచే ఆ పోటీలో తోలు డప్పు నిలవడం అసాధ్యం.

అనుకోని సాయం పోలీసుల వైపు నుంచి వచ్చింది. డీజే రొదపై ఫిర్యాదులు ముదిరి, 2024 శరదృతువులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనూ బాణసంచానూ నిషేధించారు. ఆజ్ఞ కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా గల్లీ మలుపులో ఎంత నిలుస్తుందన్నది వేరే కథ. ఉస్తాద్‌లకు మాత్రం ఆ కాగితం బేరమాడటానికి పనికొచ్చే ఆయుధమే. ‘డీజే పెడితే ఠాణాకు పోతారు, మమ్మల్ని పెట్టుకుంటే గల్లీ దాటేదాకా నాచాలి’ అని చెప్పుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పుకున్న పాతబస్తీ మోతకు మాటలు లేవు. 2018 చివర్లో ఆ లోటు తీరింది. రుహాన్ అర్షద్ అనే హైదరాబాదీ కుర్రాడు స్నేహితుల్ని వెంటేసుకుని, దక్కనీ యాసలో ‘మియా భాయ్’ అని ర్యాప్ పాడి యూట్యూబ్‌లో పెట్టాడు. కోట్లమంది చూశారు. స్టూడియో కంపెనీల ఊసే లేకుండా గల్లీ నుంచి నేరుగా దేశమంతా పాకిన ఆ పాట వెనక ఎవరున్నారు? ఆ విజయం తర్వాత అతను సంగీతాన్నే ఎందుకు వదిలేశాడు? అతని వెనకే మైకు పట్టుకున్న మిగతా కుర్రాళ్లు ఏమయ్యారు? వచ్చే భాగంలో ఫోన్ కెమెరాల కాలపు పాతబస్తీలోకి వెళదాం.